ఇంటిపేరు ప్రిమాక్

"జీపు చక్రం బిగించేలోపు వీడు నోరు విప్పితే సరే. లేదంటే దారి పొడుగునా అలాగే మూసుకుని రమ్మను. నాకేం నష్టం లేదు," అన్నాడు కెప్టెన్ శబూన్యా.

గ్రామ కార్యాలయం గదిలో ముగ్గురే ఉన్నారు. బల్ల వెనక పెద్ద ఊరి నుంచి వచ్చిన కెప్టెన్. కిటికీ పక్కన జిల్లా దర్యాప్తు అధికారి లావ్రిన్ ప్రిమాక్. తలుపు దగ్గర ముక్కాలిపీట మీద పిలిప్. గదిలో రెండు మంచి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిలిప్ వాటిని దాటుకుని వెళ్ళి మరీ ఆ పీట మీద కూర్చున్నాడు. లావ్రిన్ అది చూసి మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

మొన్న పెద్దల పండుగ. ఆ సాయంత్రం పిలిప్ మామ, దానిలా అనే ముసలాయన, తన ఇంట్లోనే, పొయ్యి ముందు, తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే పొయ్యి కెలికే ఇనుప ఊచ. దానిలా కూతురు తెక్లా పాలచెంబుతో లోపలికి వచ్చేసరికి ఆమె భర్త పిలిప్ ఆ శవం మీదికి వంగి ఉన్నాడు. చేతులకు నెత్తురు.

"ఇంకోసారి చెప్పు. భోజనాలయ్యాక నీ పెళ్ళాం ఎక్కడికెళ్ళింది?"

"ప్రోస్యా అవ్వ ఇంటికండీ. పెద్దలకి వండిన బార్లీ అన్నం కాస్త ఇచ్చి రావడానికి."

"నువ్వు?"

"బయటికెళ్ళానండి."

"బయటంటే?"

"బయటేనండి."

"దొడ్లోకా? వీధిలోకా? చందమామ మీదికా?"

పిలిప్ నేలచూపులు చూశాడు.

"సరే, తిరిగొచ్చావు. మామ పడి ఉన్నాడు. ఊచ నీ చేతికెలా వచ్చింది?"

"కాలికి తగిలితే తీసి పక్కన పెట్టానండి. లేపుదామని చూశా. అప్పటికే చల్లబడిపోయాడు."

"అరచేతులెందుకు కాలాయి?"

పిలిప్ చేతులు రెండూ మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

"చూశావుగా లావ్రిన్ ఇవానవిచ్!" కెప్టెన్ లేచాడు. "పదహారేళ్ళుగా మామ పంచన పడి ఉన్నాడు. ఇల్లు మామది, ఆవు మామది, ఇంట్లో చెల్లే మాట మామది. ఒకనాడు ఊచ ఎత్తాడు. కాలే ఊచ అనుకోకుండా పట్టుకున్నాడు. దీనికి పెద్ద బుర్ర అక్కర్లేదు."

"మీరు వాడలేదని తెలుస్తూనే ఉంది."

కెప్టెన్ మొహం ఎర్రబడింది. మరుక్షణం నవ్వేశాడు. "నీ బాధ నాకర్థమైందిలే. ప్రిమాక్ అంటే ఏమిటి? ఇల్లరికపు అల్లుడనేగా? మీ తాతముత్తాతలు ఎవరి గడపలోనో కూడు తిన్నారు కాబట్టే నీకా ఇంటిపేరు. వీణ్ణి చూస్తే నీకు చుట్టాన్ని చూసినట్టుంది."

"మీ ఇంటిపేరుకి అర్థమేమిటో ఎవరికీ తెలీదు కెప్టెన్. మీరు అదృష్టవంతులు."

కెప్టెన్ తలుపు ధడాలున వేసుకుని డ్రైవర్ మీద కేకలేయడానికి వెళ్ళాడు.

లావ్రిన్ కుర్చీ లాక్కుని పిలిప్ ఎదురుగా కూర్చున్నాడు. లావ్రిన్ తండ్రి సంతల్లో గుర్రాలు అమ్మినవాడు. బేరంలో ఎదుటివాడు ఏ వైపు చూడకుండా తప్పించుకుంటున్నాడో ఆ వైపే చూడమని నేర్పాడు. దర్యాప్తు విద్య అంతా లావ్రిన్ కు అక్కడే వచ్చింది. ఎవరినైనా ముందు తక్కెడలో వేసి చూస్తాడు, ఏమిచ్చాడు, ఏం తీసుకున్నాడు, చివరికి చేతిలో ఏం మిగిలింది అని.

పిలిప్ ను తూచడం తేలిక. యుద్ధం మొదలైన ఏడు, తన దళం చెదిరిపోయి, కాల్లో తూటాతో ఈ ఊరు చేరాడు. తెక్లా కొట్టంలో దాచింది, తర్వాత పెళ్ళాడింది. అతను ఈ ఇంటికి ఇచ్చింది భుజబలం, నడుము, నోరెత్తని ఓర్పు. తీసుకున్నది ఒక ఇంటికప్పు నీడ, పూటకింత సూపు. మిగిలింది నెత్తిన పెట్టుకునే టోపీ. ఇలాంటివాడు మామను చంపితే వచ్చే లాభమేమిటి? ఇల్లు వస్తుందా? అది తెక్లాకు వస్తుంది. పిలిప్ అప్పుడూ ఇల్లరికపు అల్లుడే.

"నా ఇంటిపేరెలా వచ్చిందో చెప్పనా?" అన్నాడు లావ్రిన్. "మా తాతకు తాత. నలుగురన్నదమ్ముల్లో ఆఖరివాడు. పొలం చీల్చి చీల్చి ఈయన దాకా వచ్చేసరికి గట్టు కూడా మిగల్లేదు. మగపిల్లలు లేని ఇంటికి ఇల్లరికం పోయాడు. ఊరంతా ప్రిమాక్, ప్రిమాక్ అని పిలిచింది. జమీందారు మనిషొచ్చి ఇదెవరిల్లని అడిగితే పక్కింటివాళ్ళు అదే పేరు చెప్పారు. అంతే, ఖాయమైపోయింది. ఆయన కొడుకులు ఆ ఇంట్లోనే పుట్టారు, ఆ నేలే దున్నారు. అయినా ఇన్ని తరాలుగా మేం బయట్నుంచి వచ్చినవాళ్ళమే."

పిలిప్ మొదటిసారి తల ఎత్తాడు. "మరి ఆయన అసలు ఇంటిపేరేంటండి?"

"తెలీదు. ఇప్పుడది ఎవరికీ తెలీదు."

బయట డ్రైవర్ చక్రాన్ని సుత్తితో కొడుతున్నాడు. 

"ఆ తాతది ఇంకో సంగతుంది. పెద్దల పండక్కి అత్తింటి బల్ల మీద ఆయన తల్లిదండ్రులకి గిన్నె పెట్టనివ్వలేదట. రెండిళ్ళ పెద్దలు ఒక కప్పు కింద ఇమడరని మామ పట్టు. పాపం, ఆయన గుప్పెడు మెతుకులు దాచి పట్టుకెళ్ళి, తన ఊరికి పోయే దారి మొదట్లో పెట్టి, కొవ్వొత్తి వెలిగించి కూర్చునేవాడు. తర్వాత సొంత ఇల్లు కట్టుకున్నా మావాళ్ళు ఆ అలవాటు మానలేదు. ఊళ్ళో అందరూ ఇంట్లో పెట్టుకుంటే ప్రిమాక్ వాళ్ళు మాత్రం దారి పక్కన పెట్టేవాళ్ళు. మా నాన్న నన్నూ తీసుకెళ్ళేవాడు. ఆ చలిగాలికి వత్తి నిలవదు. అది కరిగి అయిపోయేదాకా రెండు చేతులూ అడ్డం పెట్టాలి. అరచేతులు కాలతాయి."

పిలిప్ చేతులు మోకాళ్ళ మధ్య నుంచి మెల్లగా బయటికి వచ్చాయి. రెండు అరచేతుల లోపలి అంచులూ బొబ్బలెక్కి ఉన్నాయి. కాలే ఊచ పట్టుకున్నవాడికి అంచులు కాలవు, నడిభాగం కాలుతుంది. కోటు మణికట్టు దగ్గర రెండు మైనపు చుక్కలు.

"మా అమ్మ ఏరోజు పోయిందో తెలీదండి," అన్నాడు. "యుద్ధంలో మా ఊరే తగలబెట్టేశారు. అడుగుదామంటే ఒక్క మనిషి మిగల్లేదు."

"ఈ మాట కెప్టెన్ కి ఎందుకు చెప్పలేదు?"

"తెక్లాకి తెలిసిపోతుందండి. ఏటా మామ కుండలోంచి తీశాను. పెద్దలకి వండిన కూడు. ఆ ఇంట్లో నేను చేసిన దొంగతనం అదొక్కటే. దొంగ మొహంతో ఆమె ముందు నిలబడలేను. జైలే నయం."

"ఎక్కడ పెట్టావు?"

 పిలిప్ చూపు కిటికీలోంచి తూర్పు దారి మీదికి పోయి, అక్కడే నిలిచింది.

*

దారి రెండుగా చీలేచోట పాత చెక్క శిలువ ఒకటి, నడుం వంగిన ముసలివాడిలా నిలబడి ఉంది. దాని మొదట్లో మట్టిగిన్నె. పిట్టలు పొడిచి వదిలేసిన తేనె బార్లీ మెతుకులు. నడుమ కొవ్వొత్తి అడుగంటా కరిగి మైనపు గుంటలా మిగిలింది. ఆ సాయంత్రం వీచింది ఊళ్ళో తడికలు పడగొట్టిన గాలి. ఎవరూ అడ్డం లేకపోతే ఆ వత్తి ముట్టించీ ముట్టించకముందే ఆరిపోయేది.

ముందు బురదలో రెండు మోకాళ్ళ గుంటలు. బాగా లోతుగా దిగాయి. వచ్చి దణ్ణం పెట్టి పోయినవాడివి కావు. తర్వాత పడిన మంచుకు అవి రాయిలా బిగుసుకున్నాయి. లావ్రిన్ పక్కనే కూర్చుని చూశాడు. తానూ మొన్న అద్దెగది కిటికీ గట్టు మీద ఒక గిన్నె పెట్టి, చనిపోయిన భార్య పేరు తలుచుకుని, ఇంటామె చూస్తుందేమోనని వెంటనే తీసేశాడు. ఈ బురదలో ఇంతసేపు మోకరిల్లినవాడు తనకంటే ఎక్కువ ధైర్యవంతుడని అనిపించింది.

మట్టిగిన్నె జాగ్రత్తగా చేతిలోకి తీసుకుని దానిలా ఇంటివైపు నడిచాడు.

గడప ముందే కెప్టెన్ ఎదురయ్యాడు. రెండు రోజులుగా తలుపు దగ్గర కూర్చున్న కాపలా జవాను అప్పుడే తన రొట్టె సంచి భుజాన వేసుకుంటున్నాడు.

"ఖైదీ వెంట ఇద్దరుండాలి. ఈ జవాన్ని తీసుకెళ్తున్నా," అన్నాడు కెప్టెన్. "ఇదేంటి, అడుక్కొచ్చావా?"

లావ్రిన్ గిన్నె చూపించి, కొవ్వొత్తి సంగతీ, మోకాళ్ళ గుంటల సంగతీ, బొబ్బల సంగతీ చెప్పాడు.

"బాగుంది. రేపు ఈ గింజలొచ్చి బోనెక్కి సాక్ష్యం చెబుతాయా? ఆ మోకాళ్ళ మీద పేరు రాసుందా? పోనీ, వాడే అనుకుందాం. మామని కొట్టి, తర్వాత వెళ్ళి దీపం పెట్టి ఉండొచ్చుగా? వత్తి ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో చూసిన మనిషిని తీసుకురా. మనిషిని! అప్పుడు చూద్దాం."

"తెస్తే వదిలేస్తారా?"

"తెస్తే వదిలేసి, నీకు టోపీ కూడా తీస్తా. చక్రానికి ఇంకా రెండు మరలే బిగించాలి, తొందరగా కానీ."

ఇద్దరూ వెళ్ళిపోయారు. లావ్రిన్ లోపలికి అడుగు పెట్టాడు.

తెక్లా పొయ్యి పక్కన బల్లచెక్క మీద కూర్చుని ఉంది. కోటు విప్పలేదు. పొయ్యి రాజేయలేదు. "వాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళిపోతున్నారా బాబూ?" అంది.

"ఇంకా లేదు. ఒక్క మాట అడుగుతా, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పమ్మా. మొన్న ప్రోస్యా అవ్వ ఇంట్లో నువ్వు ఏ పక్కన కూర్చున్నావు?"

"కిటికీ పక్కన. ఎందుకు?"

"ఏం కనిపించింది?"

ఆమె గబుక్కున శిలువ గుర్తు వేసుకుంది. "ఆ మాట ఎవరికీ చెప్పలేదే! పాత శిలువ దగ్గర చిన్న దీపం. నేను వెళ్ళి కూర్చోగానే కనిపించింది. ప్రోస్యా అవ్వ తన కొడుకుల కథంతా చెప్పి ఏడ్చినంతసేపూ ఉంది. నేను లేచేటప్పటికీ ఉంది. పెద్దలొస్తున్నారే, చూడకు అని అవ్వ తెర లాగేసింది."

"తర్వాత నేరుగా ఇంటికొచ్చావా?"

"కొట్టంలోకెళ్ళి ఆవు పాలు పిండాను. నిండు చెంబుతో వచ్చా. నాన్నని ముట్టుకుంటే అప్పటికే చల్లగా ఉన్నాడు."

లావ్రిన్ లెక్క సరిచూసుకున్నాడు. ఆమె ఇల్లు వదిలి అవ్వ ఇంట్లో కూర్చునేసరికే దీపం వెలుగుతోంది, ఆ సమయం శిలువ దాకా నడవడానికే సరిపోతుంది. ఆమె కొట్టంలోకి వెళ్ళేదాకా వెలుగుతోంది. ఆవును పిండినంతసేపట్లో పొలాలకు అడ్డంపడి మనిషి రావచ్చు. కానీ అప్పటికి ముసలాయన చల్లబడిపోయాడు. అంటే దీపం వెలుగుతున్నప్పుడే చంపారు. దీపానికి చేతులడ్డం పెట్టినవాడు ఇక్కడ ఊచ ఎత్తలేడు.

తెక్లాకు తెలిసిపోతుందని పిలిప్ భయపడిన మాట గుర్తొచ్చింది. ఒకవైపు ఆ సిగ్గు, ఒకవైపు మిగిలిన జీవితం. ఏది బరువో చూడటానికి తక్కెడ అక్కర్లేదు.

"అది పెద్దల దీపం కాదు," అన్నాడు. "నీ మొగుడు. తన తల్లికి పెట్టుకున్నాడు. ఏటా పెడుతున్నాడు, మీ కుండలోంచి తీసి."

 తెక్లా అతని చేతిలోని గిన్నె అందుకుని అంచు నిమిరింది.

"పిచ్చిమనిషి," అంది. "పోయిపోయి అంత చలిలోనా! నాకు చెప్పి ఉంటే నేనే వడ్డించేదాన్ని కదా. మా ఇంట్లో గిన్నెలకి కరువా? ఉండు. ఇకనుంచి ఆమెదీ ఇక్కడే. మా అన్న వాటాలోంచి తీసి పెడతా."

ఆమె బల్ల దగ్గరికి నడిచింది. ఏదీ కదపొద్దని కెప్టెన్ చెప్పడంతో మొన్నటి భోజనం బల్ల మీద అలాగే ఉంది. దేవుడి మూలన పటాల కింద దానిలా గిన్నె, అడుగున ఇంకా మెతుకులున్నాయి. పొయ్యి వైపు తెక్లాది, సగం తిని వదిలింది. తలుపు వైపు, పీట ముందు పిలిప్ ది. దానిలా కుడిపక్కన, గోడ బల్ల మీద పెద్దకొడుకు చోటు. అక్కడ పూలంచు ఉన్న నాలుగో గిన్నె. తెక్లా అన్న యాజెప్ ది. యుద్ధంలో జర్మన్ల పక్కన తుపాకీ పట్టి, వాళ్ళతోపాటే పారిపోతూ నదిలో మునిగి పోయాడని ఊరికి వచ్చినవాడెవడో చెప్పాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో అతని పేరు ఎత్తరు. ఏడాదికొక్కసారి గిన్నె మాత్రం పెడతారు.

తెక్లా చెయ్యి ఆ గిన్నె మీద ఆగిపోయింది.

గిన్నె ఖాళీ.

లావ్రిన్ వంగి చూశాడు. ఖాళీ అనడానికి కూడా లేదు, రొట్టెముక్కతో తుడిచి మరీ తిన్నారు. నల్లరొట్టె తునకలు అంచుకి అంటుకుని ఎండిపోయాయి. పక్కనే పళ్ళెంలో పంది మాంసం ముక్కలు ముట్టుకోలేదు. గాజు సీసాలో సారా సగానికి సగం అలాగే ఉంది.

"దీన్ని ఎవరైనా తింటారా?" అడిగాడు, తనకు తెలిసిన జవాబే అయినా.

"తినమన్నా తినరు బాబూ! చచ్చినవాళ్ళ కూడు. తెల్లారేదాకా అలా ఉంచి పిట్టలకి వేస్తాం. ఆకలితో పోయేవాడైనా ముట్టుకోడు."

దొంగైతే మాంసం తినేవాడు, సారా తాగేవాడు. ఊరివాడైతే ఈ గిన్నె జోలికి రాడు. బల్లంతా వదిలేసి, సరిగ్గా ఈ చోట కూర్చుని, ఈ ఒక్క గిన్నె ఖాళీ చేయగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉంటాడు. ఎవరి పేరుతో వడ్డించారో వాడు.

తెక్లాకు కూడా అదే తట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు తెరవబోయింది. లావ్రిన్ వేలు పెదవి మీద పెట్టి, పొయ్యిలోని మట్టికుండ వైపు చూపించాడు. నిన్న కెప్టెన్ తో కలిసి చూసినప్పుడు దాంట్లో సగానికి పైగా బార్లీ అన్నం ఉంది. ఇప్పుడు మూత తీస్తే అడుగు కనిపించింది. గరిటెతో గీసి గీసి తిన్నారు.

"నువ్వు?" అని సైగ చేశాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. మొన్నటినుంచి మంచినీళ్ళు తప్ప గొంతు దిగలేదు. రాత్రి ప్రోస్యా అవ్వ దగ్గరే పడుకుంది. కాపలా జవాను సొంత రొట్టె తెచ్చుకుని గడప బయటే కూర్చున్నాడు. లోపలికి ఎవరూ రాలేదు, బయటికీ ఎవరూ పోలేదు. అంటే తిన్నవాడు మొన్నటినుంచి లోపలే ఉన్నాడు.

పైన అటక పలకల సందులోంచి ఒక గడ్డిపోచ రాలి, గిరగిరా తిరుగుతూ వచ్చి బల్ల మీద పడింది.

లావ్రిన్ గొంతు కాస్త పెంచాడు. "సరేనమ్మా, నువ్వెళ్ళు. జీపు కదిలేలోపు ఆ దీపం సంగతి కెప్టెన్ కి చెప్పు. నీ మొగుణ్ణి విడిపించుకో." తర్వాత ఆమె చెవి దగ్గరికి వంగి, పెదవులు మాత్రమే కదిలేలా అన్నాడు. "తుపాకులున్న వాళ్ళందర్నీ ఇక్కడికి తీసుకురా. పరుగెత్తకు. గేటు దాటేదాకా మామూలుగా నడు."

ఆమె నడిచింది. గేటు కిర్రుమంది. ఆ తర్వాత పరుగు చప్పుడు.

లావ్రిన్ ఒంటరిగా మిగిలాడు. అతని తుపాకీ జిల్లా కార్యాలయం బీరువాలో ఉంది. శవాన్ని చూడ్డానికి వెళ్ళేవాడికి అదెందుకని మొన్న వదిలేసి వచ్చాడు. చెడ్డ బేరం. చేతిలో ఉన్న సరుకల్లా మాటలే.

దూరంగా జీపు ఇంజను రగులుకుంది.  ఇంజను గురగురలాడింది, గేరు మారింది, కదిలింది. అంతలోనే ఒక ఆడమనిషి కేక, పొలాలన్నీ దాటి వినిపించింది. ఇంజను ఆగిపోయింది.

పిలిప్ బయటపడ్డాడు. ఈ రోజు వచ్చిన లాభం అది. ఇక నష్టం సంగతి చూడాలి.

లావ్రిన్ కుండలో మిగిలిన మెతుకులు గీకి పూలంచు గిన్నెలో వేశాడు. దాన్ని పెద్దకొడుకు చోటులో సరిగ్గా పెట్టాడు. తాను వెళ్ళి తలుపు దగ్గర పిలిప్ పీట మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో దానికంటే తగ్గు చోటు లేదు. పీట అతనికి సరిగ్గా సరిపోయింది.

"యాజెప్," అన్నాడు పైకి చూడకుండా. "వడ్డించాను. దిగిరా."

 పలకల వెనక నుంచి, మాటలు వాడక తుప్పుపట్టిన గొంతు వినిపించింది.

"మా నాన్నా ఇదే మాటన్నాడు. ఇదిగో నీ గిన్నె, తిని పో అన్నాడు. తిన్నాను. తిన్నాక, నేనురా నీ కొడుకుని, ఒక్క రాత్రి పడుకోనీ అన్నా. నా కొడుకు నదిలో పోయాడు, నాకున్నది ఒక్క అల్లుడే అన్నాడు."

అటక తలుపు పక్కకు జరిగింది.

"అతను కూర్చునే పీట కూడా చూపించాడు. తలుపు పక్కన. నువ్వు ఇప్పుడు కూర్చున్నావే, అదే."

ముందు తుపాకీ గొట్టం దిగింది. తర్వాత మనిషి.